ముఠాచిత్రములలో స్వామిభక్తి, వైరము : ‘సత్య’ (1998) ఆధారముగా ఒక పరిశీలనము

స్వామిద్రోహము, మిత్రద్రోహము, గురుద్రోహము, దేశద్రోహము - మన భాషలో ద్రోహమునకు ఇన్ని పేర్లు కలవు. వీనిలో స్వామిద్రోహమను మాట మిక్కిలి పాతది. శాసనములయందును కావ్యములయందును గూడ కనబడునది. సేవకుడు ప్రభువునకు చేయు అపకారమును అది చెప్పును. ప్రభువే సేవకునకు అపకారము చేసినపుడు దానిని చెప్పుటకు మనకు అంత రూఢమైన మాట దొరకదు. కావలసినచో భృత్యద్రోహమని యొక సమాసమును కల్పించుకొనవచ్చును. కాని అది వ్యవహారమున నిలిచిన మాట కాదు. తప్పు చేయుట క్రిందివానికే గాని పైవానికి లేదన్నట్లుగా భాష నడచినది.

ఈ లోటు నాకు ఒక చలనచిత్రమును చూచునపుడు తట్టినది. అది రామగోపాలవర్మ దర్శకత్వమున 1998 జూలై 3వ తేదీన విడుదలయైన ‘సత్య’ అను హిందీ చిత్రము. తెలుగు శాఖవారి పత్రికలో హిందీ చిత్రమును గూర్చి వ్రాయనేల యని యడుగువారు ఉందురు. దీని దర్శకుడు విజయవాడలో ఇంజనీరింగు చదివి 1989లో ‘శివ’తో తెలుగు తెరకు వచ్చినవాడు. ‘శివ’లో విద్యార్థి నాయకుడుగా కనబడిన జె. డి. చక్రవర్తియే ఇందు సత్య. ‘శివ’లోని మాచిరాజను రాజకీయ నాయకుడును, అతడు తన పనులకు వాడుకొను భవానియును ఉన్నారు గదా, ఆ యిద్దరి నడుమ నున్న సంబంధమే ‘సత్య’లో వేరు నగరమున, వేరు భాషలో, మరింత లోతుగా విచారింపబడినది. కావున ఈ చిత్రమునకు మూలము ఒక విధముగా మన కృష్ణాతీరముననే యున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

‘సత్య’ను గూర్చి సాధారణముగా రెండు మాటలు చెప్పుచుందురు. మొదటిది, అది నేరలోకమును ఉన్నదున్నట్లు చూపినదనుట. రెండవది, అది ఇద్దరు మిత్రుల కథ యనుట. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండవది సగము నిజము. మిత్రులున్నమాట వాస్తవమే, కాని వారిని చంపినదేమి యని యడిగినచో మైత్రి యను సమాధానము చాలదు. మన పరిశోధక విద్యార్థులు ఇట్టి చిత్రములను గూర్చి వ్రాయునపుడు ‘స్వామిభక్తి’ యను మాటను ఉదారముగా వాడుదురు. ముఠావానికి నీతి లేకపోయినను స్వామిభక్తి కలదని మెచ్చుకొందురు. ఆ మెప్పు ఎంతవరకు తగునో చూడవలెను.

ముందుగా ముఠా యను మాటను గూర్చి కొంచెము చెప్పుదును. నేడు ఆ మాట వినినంతనే దుండగుల గుంపు మనస్సునకు వచ్చును. కాని రేవులలోను, ధాన్యపు బజారులలోను బరువులు మోయువారు ముఠాకూలీలు. వారి పెద్ద ముఠామేస్త్రి. గోదావరి మన్యమున ముఠా యనగా కొన్ని గ్రామముల సముదాయము. దానిపై నధికారి ముఠాదారు. రంప ప్రాంతమున ముఠాదారులు మనసబుదారునకు కట్టుబడి, అతనికి కప్పము చెల్లించుచు, తమ క్రింది గ్రామములవారికి పెద్దలై యుండెడివారు. 1879లో అచట చెలరేగిన తిరుగుబాటు, కల్లుపన్నును మనసబుదారుని వసూళ్లను సహింపలేక ముఠాదారులు, కొండవారు కలిసి చేసినది. వ్యుత్పత్తుల జోలికి పోక, ఈ మూడు ప్రయోగములలోను సామాన్యముగా నున్న యంశమును మాత్రము గమనింతము. ముఠాలో ఎల్లప్పుడును ఒక నడిమివాడు ఉండును. అతడు పైవానికి కట్టుబడినవాడు. క్రిందివారు అతనికి కట్టుబడినవారు. పైకట్టు, క్రిందికట్టు ఒకే దారిని లాగినంతకాలము అతడు సుఖముగా నుండును. రెండును చెరియొక దారిని లాగిన దినమున అతనికి నిలుచుటకు చోటుండదు. ముఠాచిత్రముల చరిత్రను ఈ నడిమివాని దృష్టితో చూచినచో ‘సత్య’ స్థానము స్పష్టమగును.

అమెరికాలో 1931, 1932 సంవత్సరములలో వెలువడిన తొలి ప్రసిద్ధ ముఠాచిత్రములయందు నడిమివానికి తావు తక్కువ. అవి పైకి ప్రాకువాని కథలు. ‘లిటిల్ సీజర్’లో రీకో ఒక్కొక్క నాయకుని త్రోసివేయుచు పైకి పోవును, తన పాత సహచరుడైన జో ముఠాను విడిచి నర్తకుడు కాగా, అతనిని చంపబోయి చేయి రాక నిలిచిపోవును. అచటినుండియే అతని పతనము. ‘స్కార్‌ఫేస్’లో టోనీ తన నాయకుడైన లోవోను చంపించి ఆ పీఠమెక్కును, తరువాత తన చెల్లెలిని పెండ్లాడినందుకు తన నమ్మినబంటునే కాల్చివేయును. ఇచట భక్తి యనునది పైకి పోవువానికి కాలికడ్డు. అంతకన్న దానికి విలువ లేదు. 1934నుండి హాలీవుడ్ నిర్మాణ నియమావళి కఠినముగా అమలు జరుగుటతో ఈ కథల దూకుడు తగ్గినది.

1948లో రాబర్ట్ వార్షో అను విమర్శకుడు ముఠావానిని విషాదనాయకునిగా వర్ణించుచు ఒక ప్రసిద్ధ వ్యాసమును వ్రాసెను. గెలుచుట యనగా గుంపునుండి విడివడి ఒంటరియగుట, ఒంటరియగుట యనగా అపాయమున పడుట. కావున ముఠావాని విజయమే అతని మరణమని అతని వాదము. తొలి అమెరికా చిత్రములకు ఇది చక్కగా సరిపోవును. కాని ఈ సూత్రమును పట్టుకొని మన దేశపు ముఠాచిత్రములను గూడ కొలుచుట నేటి విమర్శలో అలవాటైనది. అది తగదని నా యభిప్రాయము. ‘సత్య’లో భీకూ మాత్రే ఒంటరి కాడు. ఇంట భార్యాబిడ్డలు, వీథిలో అనుచరులు, ప్రక్కన స్నేహితుడు, పైన నాయకుడు - అతని చుట్టును మనుష్యులే. అతడు విడివడి చచ్చినవాడు కాడు, కట్టుబడి చచ్చినవాడు.

1972లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’, 1974లో వచ్చిన దాని రెండవభాగము ముఠాను కుటుంబముగా చూపినవి. ఇందు స్వామిభక్తికి ఎంత గౌరవమున్నను ఒక విషయము గమనింపదగినది. ద్రోహము చేయువారందరును క్రిందివారే. టెసియో పాత సేవకుడు, కార్లో బావమరిది, ఫ్రేడో తోడబుట్టినవాడు. శిక్షించువాడు పీఠముపైనున్న మైకేల్. అతని క్రౌర్యమును చిత్రము దాచలేదు. రెండవభాగపు చివర అతని ఏకాంతము భయము గొలుపును. అయినను కథ యంతయు పీఠమునుండి చూచి చెప్పినదే. స్వామిద్రోహమను మాటకు ఈ చిత్రములు పెద్ద వ్యాఖ్యానములు.

మన దేశమున 1975లో వచ్చిన ‘దీవార్’లో దావర్ అను ముఠానాయకుడు వృద్ధుడై తన వ్యాపారమును విజయ్‌కు అప్పగించి తప్పుకొనును. అచట స్వామి తండ్రివంటివాడు; వైరము అన్నదమ్ముల నడుమ, అనగా ఇంటికిని చట్టమునకును నడుమ. మణిరత్నము తీసిన తమిళ చిత్రము ‘నాయకన్’ (1987)లో వేలు నాయకరే స్వామి. అతనిని చివర కాల్చిచంపిన యువకుడు, అతడు పూర్వము చంపిన పోలీసు ఉద్యోగి కుమారుడు, అతని యాశ్రయముననే పెరిగినవాడు. ఈ రెండింటను గూడ స్వామిని మనము దయతోనే చూచుదుము. దయగల స్వామి యను కల్పన మన ప్రేక్షకులకు అంత ప్రియమైనది.

ఈ కల్పన నిలుచుటకు బొంబాయి చరిత్ర తరువాత చోటీయలేదు. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున వస్త్రమిల్లుల సమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షల కార్మికులు అందు పాల్గొనిరి. ఆ సమ్మె గెలువలేదు. మిల్లులు పెక్కు మరల తెరువబడలేదు. గిరణ్‌గావ్ పేటలలో మేస్త్రి, కామగారు, యూనియను అను పాత కట్టుబాట్లు సడలిపోగా, పనిలేని యువకులు కొందరు ముఠాలలో చేరిరి. 1993 మార్చి 12వ తేదీ ప్రేలుళ్ల తరువాత నేరముఠాలు మతమును బట్టియు చీలినవి. సామంత్ 1997 జనవరిలో హత్య చేయబడెను. సంగీత వ్యాపారి గుల్షన్ కుమార్ అదే యేడు ఆగస్టు 12వ తేదీన హత్య చేయబడెను. ఈ రెండవ హత్యావార్తను వినినపుడు, చంపినవాడు ఆ దినమున ఎప్పుడు లేచి యుండును, ఏమి తిని యుండును అను ఆలోచన తనకు కలిగినదనియు, ‘సత్య’కు అదియే బీజమనియు దర్శకుడు చెప్పియున్నాడు. సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్‌లు రచన చేసిరి. హంతకుని దినచర్యను వెదకుచు బయలుదేరినవారికి దొరికినది ఆ దినచర్యను నడపు ఆజ్ఞాక్రమము.

ఇక కథలోనికి పోవుదము. సత్య ఎచటివాడో తెలియదు. బొంబాయికి వచ్చి బారులో పనికి కుదురును. అవమానమును సహింపని స్వభావము వలన కారాగారమునకు పోవును. అచట భీకూ మాత్రేతో తలపడును. తనకు లొంగనివానిని చూచి భీకూ ముచ్చటపడి అతనిని విడిపించి తనతో చేర్చుకొనును. ఇచట గమనింపవలసినది, ఈ బంధము ప్రమాణములతోను మ్రొక్కులతోను కుదిరినది కాదు. సమబలుల పోరాటమున కుదిరినది. సత్య భీకూ క్రింద పని చేయుచున్నను అతని సేవకుడు కాడు. ముఠాక్రమమున ఇట్టివానికి పేరు లేదు. పేరులేని ఈ స్థానమే తరువాత అనర్థమునకు దారి తీయును.

భీకూకు పైవాడు ఠాకూర్‌దాస్ ఝావ్లే. అందరును అతనిని భావూ యని పిలుతురు. భావూ యనగా మరాఠీలో అన్న. గుంపులోని లెక్కలు, వ్యవహారములు చూచు పెద్దవాడు కల్లూ మామ. నాయకుడు అన్నయు, కార్యదర్శి మామయు అయిన గుంపులో ఆజ్ఞ ఆజ్ఞవలె వినబడదు, ఇంటిమాటవలె వినబడును. మన వీథులలోను, కళాశాలలలోను ‘అన్నా’ యను పిలుపు చేసిన పనులను చూచినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. చుట్టరికపు పిలుపు క్రిందివాని నోట భక్తియగును. పైవాని చేత పనిముట్టగును.

బయటి శత్రువు గురునారాయణ్. అతని వలన ముఠాకు ప్రాణనష్టము కలుగును. భీకూ ప్రతీకారమునకు సిద్ధపడగా భావూ వలదనును. నగరపాలక సంస్థ యెన్నికలు దగ్గరపడినవి. ఇప్పుడు రక్తపాతము జరిగినచో తన గెలుపునకు భంగమని అతని లెక్క. ఇదిగో నడిమివాని చిక్కు! పైకట్టు ఆగుమనుచున్నది, చచ్చిన సహచరుల ఋణము, బ్రదికియున్నవారి భయము ఆగరాదనుచున్నవి. భీకూ మొదట ఆగును. మండిపడుచు, తిట్టుచు, మీది మాటను జవదాటలేక ఆగును. మనోజ్ బాజ్‌పాయి ఈ ఘట్టములందు చూపిన నటన - దీనికే అతనికి ఉత్తమ సహాయనటునిగా జాతీయ పురస్కారము లభించినది - కోపమును, విధేయతను ఒకే ముఖమున నిలిపినది. ఆ ముడిని విప్పువాడు సత్య. అతనికి భావూతో ఏ కట్టును లేదు. శత్రువును చంపవలసినపుడు చంపవలెననుట అతని నీతి. అతని మాటపై గురునారాయణ్ వధ జరుగును. భీకూ భావూకు వ్యతిరేకముగా చేసిన పని ఇది యొక్కటే. అదియును భావూ శత్రువునే చంపుట!

ఇచట ఒక ఆక్షేపము రాదగును. ఆజ్ఞను మీరినవాడు భీకూ. కావున స్వామిద్రోహము అతనిదే, భావూ చేసినది శిక్షయే కాని ద్రోహము కాదని కొందరందురు. తరగతిలో ఈ చిత్రమును గూర్చి మాటలాడినపుడు తెలివిగల విద్యార్థి యొకడు ఇట్లే వాదించెను. అతని వాదమునకు బలము లేకపోలేదు. కాని కాలక్రమమును చూడవలెను. భావూ ఆ తప్పునకు ఆనాడు శిక్షింపలేదు. కోపమును దాచి భీకూతో సఖ్యముగానే యుండెను. ఎన్నికల పని భీకూ ముఠాచే జరిగెను. పోలీసులు ఎదురుకాల్పుల పేర ముఠావారిని చంపుచుండగా, పోలీసు కమిషనరు అమోద్ శుక్లాను ముఠా చంపెను. భావూ ఎన్నికలలో గెలిచెను. అటుపిమ్మట, విజయోత్సవపు విందులో, తన చేతితో భీకూను కాల్చి చంపెను. శిక్ష యైనచో తప్పు జరిగిన దినముననే, తప్పు పేరు చెప్పి, పదిమంది యెదుట జరుగవలెను. పని పూర్తియగువరకు వాయిదా పడినది శిక్ష కాదు. అది లెక్క తీర్చుట. భీకూ చేసినది ధిక్కారము. దానికి కోపము, స్నేహము, తొందరపాటు కారణములు. భావూ చేసినది ద్రోహము. దానికి కావలసిన మొదటి ద్రవ్యము భీకూ నమ్మకము. నమ్మినవాడు గనుకనే భీకూ ఆ విందునకు ఆయుధమును మరచి, నవ్వుచు పోయెను.

వైరమును గూర్చి గూడ ఇచటనే చెప్పవలెను. చిత్రమంతయు మనము గురునారాయణ్ వంక, పోలీసుల వంక చూచుచుందుము. ప్రాణాపాయము అటునుండి వచ్చునని భావింతుము. బయటి వైరమున్నంతకాలము భావూకు భీకూ అవసరము. శత్రువు చచ్చిన దినమున ఆ యవసరము తీరినది. శత్రువును చంపగలిగిన భీకూ తానే రెండవ శత్రువైనాడు. గురునారాయణ్ బ్రదికియున్నచో భీకూ మరికొన్నాళ్లు బ్రదికెడివాడని నాకు తోచును. శత్రువు సేవకునకు రక్షయగుట విచిత్రమే. రాజనీతి గ్రంథములు చదివినవారికి మాత్రము క్రొత్తకాదు.

స్త్రీపాత్రలను గూర్చి దీర్ఘముగా వ్రాయుటకు చిత్రమే చోటీయలేదు. భీకూ భార్య ప్యారీకి భర్త వృత్తి తెలియును. సత్య ప్రేమించిన విద్యకు అతని వృత్తి తెలియదు. ఒక యింట నిజము తెలిసిన భక్తి, మరియొక యింట నిజము తెలియని ప్రేమ. చివర విద్య తలుపు తీయదు. ఆ తలుపును పగులగొట్టి లోనికి వచ్చిన సత్య ఆమె యెదుటనే ఇన్‌స్పెక్టరు ఖాండిల్కర్ తుపాకికి బలియగును.

ఈ దర్శకుడే 2002లో తీసిన ‘కంపెనీ’లో విషయము మరియొక మలుపు తిరిగినది. మాలిక్, చందూ అనువారు నాయకుడు, అనుచరుడు, ఇంచుమించు సమానులు. ఒక రాజకీయ నాయకుని చంపవలసిన తరుణమున అతని కారులో పిల్లలున్నారని తెలిసి చందూ వెనుకాడును, మాలిక్ వెనుకాడడు. ఆ చిన్న వెనుకంజ నుండి అనుమానము, అనుమానము నుండి దేశాంతరములు దాటిన యుద్ధము పుట్టును. అచట ముఠాకు పేరే కంపెనీ. అన్న పోయి యజమాని వచ్చెను. యజమానికిని ఉద్యోగికిని నడుమ ద్రోహమను మాటకన్న నష్టమను మాటయే చెల్లును. కథనైపుణ్యమున ‘కంపెనీ’ తక్కువది కాదు. కాని ద్రోహపు బాధ ‘సత్య’లో వలె అందు మనలను తాకదు. అన్న యని పిలిచినవాడు చంపుట వేరు.

కల్లూ మామను గూర్చి చెప్పక ఈ పరిశీలనము ముగియదు. విమర్శకులు అతనిని హాస్యపాత్రగా, స్థూలకాయపు గుమాస్తాగా చూచి విడిచిపెట్టినారు. నా దృష్టిలో చిత్రపు నైతికభారమంతయు అతనిపైననే పడినది. భీకూ చచ్చిన తరువాత నడిమిస్థానము మామకు వచ్చెను. సత్యను గూడ చంపుమని అతనికి భావూ ఆజ్ఞ. ఇన్నేండ్లు ఆజ్ఞలను అటునుండి ఇటు చేరవేయుటయే వృత్తిగా బ్రదికినవాడు. ఎవనిని చంపుటకు ఎంత వ్యయమగునో లెక్క వ్రాసినవాడు. ధైర్యమునకు పేరు పొందినవాడు కాడు. ఈ యొక్క ఆజ్ఞను అతడు చేరవేయలేదు. ముఠా న్యాయవాదియైన ములేను చంపి సత్య పక్షమున నిలిచెను. పాత మాటలో చెప్పవలెనన్న ఇది స్వామిద్రోహము. అయినను చిత్రమును చూచువాడెవ్వడును అతనిని ద్రోహి యనడు. గణేశ నిమజ్జన దినమున సముద్రతీరమున ఇసుక వేసిన రాలని జనములో సత్య భావూను కత్తితో పొడిచి చంపును. గాయపడిన సత్యను మామ విద్య యింటికి చేర్చును. దేశము దాటిపోవుటకు ఓడ సిద్ధముగా నున్నది. అప్పుడు తానొక్కడే పోయినను అడుగువారు లేరు. స్వామి చచ్చెను, ఆజ్ఞ యిచ్చువాడు లేడు, ఇకపై దొరకబోవు లాభమును లేదు. సత్య పైకి పోయి వచ్చువరకు వేచియుందునని అతడు క్రిందనే నిలుచును. పోలీసులు వచ్చి అతనిని అచటనే కాల్చి చంపుదురు. దర్శకుడు దీనికి కేటాయించిన కాలము కొన్ని క్షణములు మాత్రమే. మన దృష్టి అప్పటికే మేడమీది తలుపువంక పోయియుండును.